కుక్కకు చందా

చందా అన్న మాట వినగానే మన కాలేజీలో సగం మంది జేబు తడుముకుంటారు. తక్కిన సగం మంది ఎదురుగా వస్తున్న మనిషిని తప్పించుకుని లైబ్రరీ వైపు తిరుగుతారు. మన లైబ్రరీకి జనం పోయే సందర్భాల్లో ఇదొకటి. మీరు చదువుతున్న ఈ సావనీరు కూడా చందాల మీద, అంగళ్ళవాళ్ళు దయతలచి ఇచ్చే ప్రకటనల మీదనే అచ్చవుతుందన్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు. కనుక చందా ఎత్తడమనే విద్య గురించి నాలుగు మాటలు రాస్తే సంపాదకవర్గం కాదనదని నా ధైర్యం. ఐతే నేను ఎత్తింది వినాయక చవితికి కాదు, రామభజన మందిరానికీ కాదు. ఒక కుక్కకు. అదీ జాతికుక్క కాదు. ఊరకుక్క.

మాది తనకల్లు. మొన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని వాన మారలేదు. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పుడు పాఠంలో చదువుకుని, ఏదో ఒక దాంట్లో రెండో ర్యాంకు వచ్చిందని సంతోషించినవాళ్ళం. కదిరి నుంచి మదనపల్లె పోయే 42వ నెంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది మా ఊరు. శెనక్కాయ పండితే పండుతుంది, లేకపోతే లేదు. బోరులో నీళ్ళున్నవాళ్ళు టమాటా పెడతారు. ఆ టమాటా బండ్లు పొద్దూ రాత్రీ లేకుండా మదనపల్లె మార్కెట్టుకు పరుగెత్తుతుంటాయి. మార్కెట్టుకు ఆలస్యమైతే ధర పడిపోతుంది. ఆ తొందరలో దోవకు అడ్డం వచ్చే ప్రాణుల గురించి ఎవరూ ఆలోచించరు.

2025 సంక్రాంతి సెలవుల్లో కనుమ మరునాటి ఉదయం. మా వైపు కనుమను పశుల పండగ అంటారు. ఎద్దులకు కొమ్ములు కడిగి రంగులు పూస్తారు, గొర్రెలకు పసుపునీళ్ళు చల్లుతారు. ఆ పండక్కి కుక్కను ఎవరూ పిలవరు, అదే వచ్చి ఒక మూల నిలబడుతుంది. బస్టాండు దగ్గర టీ అంగడి అత్త వేసే బన్ను ముక్కలతో పెరిగిన నల్లకుక్క ఒకటుంది. పేరు కూడా పెద్దగా లేదు, కర్రిది అంటారు. దాన్ని ఏదో బండి కొట్టేసి పోయింది. వెనక కుడికాలి ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అది అరవను కూడా లేదు. రోడ్డు పక్క కానుగచెట్టు కిందికి ఈడ్చుకుంటూ పోయి ఆ కాలినే నాక్కుంటూ కూర్చుంది.

చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట. "ఇంత మందు పెట్టి పుణ్యం కట్టుకోండప్పా, దాని బాధ తీరిపోతుంది" అన్నాడొకాయన. ఆయన చెడ్డవాడేమీ కాదు, జాలిపడే అన్నాడు. టీ అంగడి అత్త మాత్రం పసుపు తెచ్చి గాయం మీద అద్దుతూ, "కాలిరిగితే మందు పెట్టి సంపేస్తామా? మీ నాయనకూ కాలిరిగింది గదా పోయినేడు" అనేసింది. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

నేనూ, ఊళ్ళో నాతో చదువుకున్న ఇద్దరూ కలిసి దాని మూతికి తువ్వాలు కట్టి, గోనెసంచి మీద పడుకోబెట్టి పశువుల ఆసుపత్రికి మోసుకుపోయాం. మూతి కట్టడం ముఖ్యం. నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతిని కూడా కొరుకుతుంది, దానిలో విశ్వాసఘాతుకమేమీ లేదు. డాక్టరుగారు గాయం కడిగి, సూదులు వేసి, వెదురుబద్దలతో కట్టు కట్టారు. "ఎముక బయటికొచ్చిన విరుపు ఇది. మత్తిచ్చి ఆపరేషను చేయాలి, ఎక్స్‌రే కావాలి. ఇక్కడ కాదు, తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకుపొండి. ఆలస్యమైతే పురుగు పడుతుంది" అన్నారు. 1955లో మొదలైన కాలేజీ అది, ఈ పక్కన పశువులకు అదే పెద్దాసుపత్రి. మా స్నేహితుడు 1962కు ఫోన్ చేద్దామన్నాడు. 1962 అంటే చైనా యుద్ధం వచ్చిన ఏడు కాదు, పశువుల అంబులెన్సు నెంబరు. 2022 మేలో రాష్ట్రంలో నియోజకవర్గానికొకటి చొప్పున 175 బండ్లతో మొదలైన సేవ. పశువు దగ్గరికే డాక్టరును తెచ్చే ఏర్పాటు అది, మంచిదే. కాని మాకు కావలసింది డాక్టరు రావడం కాదు, కుక్క తిరుపతికి పోవడం. దానికి బాడుగ బండి తప్పదు. మనుషుల బస్సులో విరిగిన కాలి కుక్కను ఎక్కించుకునే కండక్టరు ఇంకా పుట్టలేదు.

లెక్క వేసుకున్నాం. బండి బాడుగకే 6,500. ఎక్స్‌రే, మత్తు, దారాలు, మందులు, తర్వాతి కట్లు అన్నీ కలిపి ఇంకో ఐదారు వేలు. మా ముగ్గురి దగ్గరా కలిపి ఉన్నది 1,100. సరే, డబ్బా పట్టుకున్నాం.

అది పాత బిస్కెట్ల డబ్బా. మూతకు చీలిక కొట్టి, పక్కన ఫోన్‌పే క్యూఆర్ కాగితం అంటించాం. కదిరి నరసింహస్వామి తిరునాళ్ళకు వసూలు చేసిన అనుభవం మాలో ఒకడికి ఉంది. వాడు మొదటి అరగంటలోనే నిరుత్సాహపడిపోయాడు. దేవుడి చందాలో పక్కింటివాడు ఎంత రాశాడో చూసి వంద ఎక్కువ రాస్తారట. కుక్క చందాలో పుస్తకం చూపిస్తేనే వెనక్కి జరిగారు. ఎరువుల అంగడాయన ఇరవై రూపాయలు వేసి, "నా పేరు రాయొద్దు అబ్బీ, ఊళ్ళో నగుతారు" అన్నాడు. ఆ పొద్దు మా పుస్తకం నిండా గుప్తదానాలే. అంత గుప్తదానం ఏ గుడి హుండీలోనూ పడి ఉండదు.

నవ్వులాటగా చెబుతున్నాను గాని, ఆ రోజు విన్న రెండు మాటలు ఇప్పటికీ నన్ను వదలలేదు. శెనక్కాయలు ఒలిచే కూలికి పోయే ఒకామె డబ్బా వైపు చూసి, ఏమీ కోపం లేకుండా, "నా బిడ్డకు కాలిరిగినప్పుడు ఎవురూ డబ్బా పట్టుకుని రాలేదు నాయనా" అంది. అని వెళ్ళిపోయింది. నా దగ్గర జవాబు లేదు. ఎకనామిక్సు విద్యార్థిని కనుక అప్పటిదాకా జవాబులు చాలా ఉండేవి. ప్రభుత్వం పిల్లలకు ఆసుపత్రి పెట్టింది, కుక్కకు పెట్టలేదు అనొచ్చు. దానం పంచుకుంటే తరిగేది కాదనొచ్చు. ఇవన్నీ ఆమె వెనక నేను మనసులో చెప్పుకున్న జవాబులు. ఆమె మొహం చూసి చెప్పేవి కావు.

రెండో ఆయన గొర్రెలాయన. తాతా అని పిలుస్తాం. ఆయన మందలో అంతకు మునుపు నెలలో ఊరకుక్కలు నాలుగు పిల్లల్ని కొరికి చంపాయి. "ఆ పొద్దు మీ డబ్బా యాడ పెట్టుకున్యారబ్బీ?" అని అడిగాడు. కర్రిది అట్లాంటిది కాదని అత్త అడ్డం వచ్చింది. ఆయన వినిపించుకోలేదు. "కాలు బాగు చేపిస్తారు సరే, పండ్లకేం చేస్తారు?" అన్నాడు. పట్నాల్లో జరిగే పెద్ద పెద్ద వాదాల్లో కూడా ఇంత సూటి ప్రశ్న నేను వినలేదు. ఆ తర్వాత కొంతసేపు బీడీ కాల్చుకుని, పంచె కొంగున ఉన్న యాభై రూపాయల నోటు తీసి, "దీనికి పిల్లలు గాకుండా ఆపరేషను, పిచ్చి రాకుండా సూది వేపిస్తామని రాసిస్తే ఇస్తా" అన్నాడు. రాసిచ్చాం. రసీదు అడిగిన ఏకైక దాత ఆయనే.

ఆ సాయంత్రానికి వచ్చింది 3,900. మిగతాది ఫోన్లలో వచ్చింది. మా ఊరి మనుషులు సగం మంది బెంగళూరులోనే ఉంటారు. కట్టడం పనుల్లో, హోటళ్ళలో, కంపెనీల్లో. వాళ్ళ గ్రూపులో ఫోటో పెట్టాం. ఇక్కడొక విషయం గమనించాను. కట్టు కట్టిన తర్వాత తీసిన ఫోటో పెడితే "పాపం" అని రాసి ఊరుకున్నారు. నెత్తురు కనిపించే ఫోటో పెట్టిన గంటలో నాలుగు వేలు వచ్చింది. మా వాడు ఇంకో రెండు పెడదామన్నాడు. నేను వద్దన్నాను. డబ్బు వస్తుంది, నిజమే. కాని రేపు ఇంకో కుక్కకు ఇంకాస్త ఎక్కువ నెత్తురు చూపించాల్సి వస్తుంది, ఎల్లుండి అదే ఫోటో ఎవడో ఇంకో ఊరి కుక్కదని పెట్టుకుంటాడు. అట్లాంటి మోసాలు వింటూనే ఉన్నాం. దానికి బదులు ప్రతి బిల్లూ ఫోటో తీసి పెట్టాం. మందుల షాపు బిల్లు చూసి కన్నీళ్ళు ఎవరికీ రావు గాని, రెండోసారి డబ్బు పంపింది మాత్రం ఆ బిల్లులు చూసినవాళ్ళే.

మన కాలేజీ గ్రూపులోనూ పెట్టాను. తెలుగు శాఖ మాస్టారొకరు 500 పంపి, కింద ఒక చిన్న సందేశం రాశారు: భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుంది, చూసుకున్నావా? అని. చివరి కుక్క అందరికీ తెలిసిందే, ధర్మరాజు వెంట నడిచింది. మొదటిది నేను వెతుక్కోవాల్సి వచ్చింది. ఆదిపర్వంలోనే ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి పోయి, చేయని తప్పుకు నా బిడ్డను ఎందుకు కొట్టారని అడుగుతుంది. రాజుకే ఆపద చెప్పిపోతుంది. అంటే మన మహాకావ్యపు మొదటి ఫిర్యాదుదారు ఒక కుక్క తల్లి. నన్నయగారు కూడా ఆ కథను వదలకుండా తెలుగులోకి తెచ్చారు.

ఇక కుక్కలకు డబ్బు ఎత్తడమనేది ఈ కాలపు ఫోన్ల వింత అనుకునేవారికి ఒక సంగతి. 1824లో లండనులో ఒక కాఫీ హోటల్లో కొందరు కూడి జంతుహింసా నివారణ సంఘం పెట్టారు. దాని మొదటి కార్యదర్శి ఆర్థర్ బ్రూమ్ అనే మతగురువు. చందాలు చాలక సంఘం అప్పులపాలైతే 1826లో ఆయన్ను జైల్లో పెట్టారు. మిత్రులు మళ్ళీ చందా ఎత్తి విడిపించుకున్నారు. 1860లో మేరీ టీల్బీ అనే ఆమె దిక్కులేని కుక్కలకు ఇల్లు పెడితే పత్రికలు వెక్కిరించాయి. అంటే "ఊళ్ళో నగుతారు" అన్న ఎరువుల అంగడాయన భయం లండనులో కూడా ఉండేదన్నమాట. మన వైపు మద్రాసు బ్లూ క్రాస్ 1959 నాటిది, కెప్టెన్ సుందరం ప్రారంభించినది. హైదరాబాదు బ్లూ క్రాస్ 1992లో అక్కినేని అమల చేతుల మీద మొదలైంది. విశాఖలో ఎస్‌పీసీఏ 1996లో.

అంత దూరం ఎందుకు, మా జిల్లా కేంద్రం పుట్టపర్తిలోనే కరుణా సొసైటీ ఉంది. 2000లో క్లెమెంటీన్ పావ్స్ అనే డచ్ వనిత స్థాపించారు. గాయపడ్డ కుక్కలు, గాడిదలు, ఆవులు, దెబ్బ తగిలిన అడవి జంతువులు అన్నిటికీ అక్కడ చోటుంది. ఆవుల కడుపుల్లో చేరుతున్న ప్లాస్టిక్ సంచుల మీద 2012లో సుప్రీంకోర్టు దాకా పోయింది కూడా ఆ సంస్థే. మన కరువు నేలలో ఎవరో విదేశీ మనిషి వచ్చి చేస్తే తప్ప ఈ పని మొదలు కాలేదేమని ఒక మిత్రుడు నాతో వాదానికి దిగాడు. నాకు అది సిగ్గుపడాల్సిన విషయంగా తోచలేదు. టీ అంగడి అత్త కూడా ఆ పనే చేస్తోంది. తేడా అల్లా, ఆమెకు రిజిస్ట్రేషను లేదు, రసీదు పుస్తకం లేదు.

తిరుపతికి తెల్లవారుజామున చేరాం. దోవ పొడుగునా చలి. కర్రిది నా దుప్పట్లో పడుకుని మదనపల్లె ఘాటు దాటేదాకా కన్ను మూయలేదు. ఆసుపత్రిలో కాగితం రాసే ఆయన జంతువు, రంగు, వయసు అన్నీ అడిగి, "యజమాని పేరు?" అన్నాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రేపు ఇది ఎవరినన్నా కొరికితే ఆ పేరే ముందుకొస్తుందని మా వాడు చెవిలో గొణిగాడు. నేను అత్తకు ఫోన్ చేశాను. టీ గిన్నె కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. "దాందేముంది, నా పేరు రాయించు నాయనా. ఇంటిపేరుతో సహా రాయించు" అంది. పదేళ్ళుగా ఊరందరిదీ, ఎవరిదీ కాని కుక్కకు ఆ నిమిషంలో ఇల్లు దొరికింది.

ఎక్స్‌రే చూసిన డాక్టర్లు రెండు దోవలు చెప్పారు. ప్లేటు వేసి ఎముక అతికించవచ్చు, కాని గాయంలో చీము చేరింది, వారాల తరబడి కదలకుండా గదిలో ఉంచి చూసుకోవాలి. లేదా కాలు తీసేయాలి. ఊరకుక్కకు వారాల తరబడి గది ఎక్కడిది? కాలు తీసేయడమే మేలన్నారు. మనిషికైతే కాలు పోవడమంటే జీవితం సగం పోవడం. కుక్క శరీరం బరువులో ఎక్కువ పాలు ముందుకాళ్ళ మీదే పడుతుందట. వెనక కాలు ఒకటి పోయినా కొన్ని వారాల్లో పరుగెత్తుతుందట. విన్నప్పుడు ఓదార్పు మాటే అనుకున్నాను. ఫిబ్రవరి చివర్లో మళ్ళీ ఊరికి పోయినప్పుడు బస్సు దిగుతుంటే మూడు కాళ్ళతో అది నా సంచి వెంట పడింది. సంచిలో బన్ను ఉంది.

ఇక లెక్క. మొత్తం వసూలు 16,430. బండి 6,500, ఆసుపత్రి, మందులు 3,240, ఆ తర్వాత పదిహేను రోజుల కట్లు, తిండి 1,150. వెరసి 10,890. తిరుపతిలో మేం తిన్న 610 రూపాయల టిఫిను, భోజనం మొదట లెక్కలో కలిపి, తర్వాత కొట్టేసి మా జేబులో నుంచి పెట్టుకున్నాం. తప్పనెవరూ అనరు గాని, కుక్క పేరు చెప్పి ఇడ్లీ తిన్నామన్న పేరు తనకల్లులో మూడు తరాలు పోదు. మిగిలింది 5,540.

చందా ఎత్తడం కన్న మిగిలిన చందా కష్టం. ఒకడు ఇంకో కుక్కను వెతుకుదామన్నాడు. ఒకడు బడిలో ఫ్యాను పెట్టిద్దామన్నాడు. గొర్రెలతాతకు రాసిచ్చిన కాగితం నా జేబులోనే ఉంది. కర్రిది కోలుకున్నాక పిల్లలు కాకుండా ఆపరేషను చేయించాం, 2,500 అయింది. ఊళ్ళో తక్కిన కుక్కల సంగతి అడిగితే డాక్టరుగారు నవ్వి, "వీధికుక్కల ఆపరేషను మీరూ నేనూ తలా ఒకటి చేసేది కాదు. 2023 నాటి నిబంధనల ప్రకారం స్థానిక సంస్థ పూనుకోవాలి, గుర్తింపున్న సంస్థ చేయాలి, చేసినాక ఉంచడానికి గదులుండాలి. సూదులు మాత్రం జులై 6న ఉచితంగా వేస్తాం. కుక్కల్ని తెచ్చే పూచీ మీది" అన్నారు. 1885లో అదే రోజున పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి పిచ్చికుక్క కాటుకు సూది వేయించాడు. దాని గుర్తుగా ఏటా ఆ రోజు మన పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు సూదులు వేస్తారు. ఊళ్ళో నూటికి డెబ్బై కుక్కలకు సూది పడితే రోగం కుక్కనుంచి కుక్కకు పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లక్షణాలు కనిపించాక మనిషిని బతికించే మందు దాదాపు లేదు. మూడు వేలతో ఒక కుక్క రెండో కాలు కాదు, ఊరి పిల్లల ప్రాణాలు కొనొచ్చునన్నమాట. ఎకనామిక్సు అక్కడ కొంచెం పనికొచ్చింది.

ఆ తర్వాత 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధికుక్కల్ని తీసి ఆశ్రయాలకు చేర్చమని ఉత్తర్వు ఇచ్చినప్పుడు మన హాస్టల్లో రెండు రాత్రులు పెద్ద వాదం జరిగింది. అన్నం పెట్టేవాళ్ళొక పక్క, కరిపించుకున్నవాళ్ళొక పక్క. నేను ఏ పక్కా కూర్చోలేకపోయాను. ఇద్దరూ మాట్లాడుతుంటే నాకు గొర్రెలతాత బీడీ వాసనే వస్తూ ఉండింది. ఆశ్రయం అన్న మాట కాగితం మీద తేలిక. ఒక్క కుక్కకు ఒక్క గది దొరక్క కాలు తీయించుకొచ్చినవాళ్ళం మేము.

జులై 6 ఆదివారం వచ్చింది. నూలుతాళ్ళు, మూతిచిక్కాలు, సూది పడ్డ కుక్కకు గుర్తుగా మెడకు కట్టే ఎర్రగుడ్డలు, ఆటో, బిస్కెట్లు అన్నీ సిద్ధం. కుక్కను పట్టడం చందా పట్టడం కన్న తేలిక. బిస్కెట్టు చూపిస్తే లైబ్రరీ వైపు తిరగదు. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క కుక్కల మెడలో ఎర్రగుడ్డలు పడ్డాయి. శెనక్కాయల కూలికి పోయే ఆమె చిన్నబిడ్డను చంకనేసుకుని గేటు దగ్గర కాసేపు నిలబడి చూసింది. మాట్లాడలేదు. ఆ బిడ్డ మాత్రం ప్రతి కుక్కకూ చెయ్యి ఊపింది.

చివర్లో గొర్రెలతాత వచ్చాడు. మంద కాచే రెండు కుక్కల్ని ఒకే తాడుకు కట్టి తెచ్చాడు. సూదులు వేయించి, ఎర్రగుడ్డలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసి, రొంటిన దాచుకున్న రసీదు తీశాడు. "నా యాభైకి లెక్క సెప్పు" అన్నాడు. గోడకు అంటించిన లెక్క కాగితం చూపించాను. ఆయనకు చదువు రాదు. మనవడు చదివాడు, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు పెద్దగొంతుతో: తాళ్ళు, చిక్కాలు 900, ఆటో 600, ఎర్రగుడ్డలు 120, బిస్కెట్లు 480, నిలవ 940.

తాత అంతా విని, తలకాయ ఊపి, "బిస్కెట్లకు అంత అయితాదా అబ్బీ?" అన్నాడు.